పది అడుగుల అవతలి కట్టు

కట్ల ఫ్యాక్టరీలో, రొయ్యల పొట్టు ఉడికించే తొట్టి పక్కన కెమిస్టు బోర్లా పడి ఉన్నాడు. మెడకు బిగించిన సన్నటి తీగ ఎముక దాకా దిగింది. పిడికిట్లో నలిగిన కాగితం: 'ఒక లారీ సరుకు మార్చేశారు.' ఏ లారీయో రాసేలోపే పాపం ఆయన పనైపోయింది.

మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ ముంగిస చెవిలోని ఇయర్‌పీస్ నొక్కాడు.

"చెప్పు," అన్నాడు చీఫ్. డిపార్టుమెంటులో అందరికీ ఆయన పెద్దాయనే.

"కెమిస్టు పోయాడు సార్. లోడింగ్ డాక్‌లో రెండు లారీలున్నాయి. ఒకదాంట్లో రక్తం ఆపే అసలైన కైటోసాన్ కట్లు. ఇంకోదాంట్లో రక్తం గడ్డకట్టనివ్వని మందు పూసిన దొంగ కట్లు. పైకి రెండూ ఒకటే."

"ల్యాబ్ టెస్ట్ చేయించు."

"నాలుగు గంటలు పడుతుంది."

"లారీలు పావుగంటలో బయల్దేరకపోతే విమానం అందదు. రెండూ ఆపితే ఫ్రంట్‌లో గాయపడ్డవాళ్లు కట్టు లేక పోతారు. రెండూ పంపితే కట్టు కట్టించుకుని పోతారు. మీ తమ్ముడూ ఆ క్యాంపులోనే ఉన్నాడు. తొడలో తూటా. నీకు చెప్పకూడదనుకున్నా."

"చెప్పేశారుగా సార్."

ముంగిస డాక్ వైపు పరుగందుకున్నాడు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అతనే. రొయ్యల వాసన తగిలితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయే వెధవ, ఇప్పుడు రొయ్యల పొట్టుతో చేసిన కట్టు కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాడు.

డాక్‌లోకి అడుగుపెట్టగానే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ కత్తితో మీద పడ్డాడు. మొదటి వేటుకే ముంగిస ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీలింది. ఇద్దరూ మొదటి లారీకి గుద్దుకున్నారు. పైనుంచి ఒక పెట్టె పడి పగిలి, ప్యాకెట్లు నేలంతా చెల్లాచెదురయ్యాయి. డ్రైవర్ అతని గుండెల మీద కూర్చుని కత్తెత్తాడు. ముంగిస స్క్రూడ్రైవర్ పిడి మీద మీట నొక్కాడు. నాలుగంగుళాల మొన దూసుకొచ్చి డ్రైవర్ గొంతులో దిగింది. వాడు గురగురమంటూ పక్కకు ఒరిగిపోయాడు.

హైహీల్స్ చప్పుడైంది. క్వాలిటీ ఆఫీసర్. డిపార్టుమెంటు ఫైల్లో ఆమె పేరు నెమలి, ఇక్కడ అతనికున్న ఒకే ఒక్క కాంటాక్ట్. ఎర్రటి లిప్‌స్టిక్, చెదరని జుట్టు.

"రొయ్యలు వలిచారా?" కోడ్ ప్రశ్న వేసింది.

"పొట్టు దాచాం," అన్నాడు మూలుగుతూ.

"అయ్యో, ఎంత రక్తం. కదలకండి, కట్టు తెస్తాను."

టక్, టక్. ముంగిస కళ్లు మూసుకుని వింటున్నాడు. ఒకటి, రెండు, మూడు... పది అడుగులు. ఆమె రెండో లారీ దాకా వెళ్లి, సీలు వేసిన పెట్టె కిందికి దించి, కోసి, ఒక ప్యాకెట్ తెచ్చింది. చించి గాయం మీద అదిమిపెట్టింది.

"నూట ఎనభై లెక్కపెట్టాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు," అంది.

"తెలుసు. పొద్దున ప్యాకింగ్‌లో పనిచేసే ఒక పిన్నిగారు నేర్పింది. ఆవిడ వేలు తెగినప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పింది."

"ఏంటది?"

"ఇక్కడ ఎవరికి తెగినా చేతికందిన పెట్టె చింపుతారట. నీ మోకాలి కింద పది ప్యాకెట్లున్నాయి. వాటిని దాటుకుని అంత దూరం వెళ్లావెందుకు?"

నెమలి నవ్వు మాయమైంది. కింద పడ్డవి వాడితే రక్తం ఆగదు, గుట్టు బయటపడుతుంది. అందుకే నడిచింది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. పిస్తోలు బయటికొచ్చేలోపు ముంగిస కాలితో తన్నాడు. తూటా ఆమె తొడలోనే దిగింది. నల్లటి స్కర్టు మీదుగా రక్తం బుసబుసా పొంగింది.

అప్పటికే మొదటి లారీ గేటు వైపు కదిలింది. ముంగిస పిస్తోలు లాక్కుని రెండు వెనక టైర్లూ పేల్చాడు. లారీ గేటు స్తంభాన్ని గుద్దుకుని అడ్డం తిరిగి ఆగింది. గేటులో మిగిలిన సందులోంచి రెండో లారీ గీసుకుంటూ బయటపడింది. పావుగంట గడువులో ఇంకా అర నిమిషం ఉంది.

తన లెక్క తప్పయి ఉంటేనో? ఆ ఆలోచన ఇప్పుడొచ్చింది అతనికి. కింద పడున్న ప్యాకెట్ ఒకటి తీసి నెమలి పక్కన మోకరిల్లాడు.

"అది వద్దు," ఆమె అతని చెయ్యి పట్టేసుకుంది. మొహం పాలిపోయింది. "నీ కాళ్లు పట్టుకుంటా, అది పెట్టకు. అటు పెట్టెలోది తే."

పది అడుగుల అవతల, ఆమె కోసి దించిన పెట్టె నేలమీదే ఉంది. ముంగిస దాంట్లోంచే తెచ్చి అదిమాడు. నూట ఎనభైకి రక్తం ఆగింది. అప్పటికి గార్డులొచ్చారు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"అన్నయ్యా, ఎవడు తయారుచేశాడు ఈ కట్టు? రొయ్యల కంపు," అన్నాడు తమ్ముడు నీరసంగా.

ముంగిస కళ్లు తుడుచుకున్నాడు. "విప్పెయ్యమని డాక్టరుకి చెప్పనా?"

"వద్దులే. ముక్కు మూసుకుంటా."