మావి అంచు

"గుర్రాల పరిశోధన కేంద్రానికి ముందు పంపిన ఏజెంట్ అక్కడి మేతగదిలో శవమై దొరికాడు," అన్నాడు చీఫ్. "గుండెపోటట! గుర్రంలా ఉండేవాడికి గుండెపోటేమిటి, నా తలకాయ! విదేశీ ముఠాకి కావలసింది బొటనవేలంత మావి ముక్క."

"మావా?"

"గుర్రం ఈనాక పడే మావి. నవ్వకు. అది గేటు దాటిందా, అక్కడి డాక్టరమ్మ ఐదేళ్ల కష్టం వాళ్ల పాలవుతుంది. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. నువ్వు 'కళ్లెం బిగుతుగా ఉంది' అంటే 'ఒక రంధ్రం వదులు చెయ్యి' అంటుంది."

చీఫ్ ఎదుట కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో నత్త అంటారు. పదకొండేళ్ల సర్వీసులో పరుగెత్తింది రెండే సార్లు.

పరిశోధన కేంద్రంలో గుర్రాల పనివాడిగా చేరి మూడు వారాలైంది. కోడ్ మాట తడుముకోకుండా చెప్పిన ఆమె అక్కడ ఫొటోగ్రాఫర్. నల్ల కళ్లద్దాలు, మోచేతి పొడవు లెన్స్, పేడ వాసనని కూడా ఓడించే సెంటు. అందంగా ఉందని నత్త మొదటి రోజే ఒప్పేసుకున్నాడు.

ఆ ఉదయం పొట్టి జాతి గుర్రం ఈనింది. తండ్రి భారీ జాతి. మావిని బకెట్లో వేసి, డాక్టరమ్మ తల్లికి ఇంజెక్షన్ ఇస్తూ చెప్పింది. "పిల్ల ఎంత ఎదగాలో చాలా వరకు తేల్చేది ఈ మావేనయ్యా. ఇందులో కొన్ని జన్యువులు తండ్రివే పనిచేస్తాయి, కొన్ని తల్లివే. నాన్నవి పెంచు పెంచు అంటాయి. అమ్మవి ఇక చాలంటాయి. ఏ స్విచ్ ఎప్పుడు పడిందో ముక్కని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేసి గడ్డకట్టిస్తేనే తెలుస్తుంది."

ఆమెకో అలవాటుంది. పిల్లని ముద్దు చేసేముందే మావిని సిమెంటు నేల మీద పరిచి, కొమ్ముల్లా సాగిన దాని రెండు పాయల చివరల దాకా తడిమి చూస్తుంది. ఇవాళ చిన్న కొమ్ము చివర లేదు.

"అయ్యో, ముక్క లోపలే ఉండిపోయింది!" ఆమె మొహం పాలిపోయింది. అది లోపల కుళ్లితే గుర్రం రెండు రోజులు కూడా బతకదు. చేతికి పొడవాటి గ్లవ్ తొడుక్కుని లోపల వెతకడం మొదలుపెట్టింది. గుర్రం మూలిగింది.

"నాకు కడుపులో తిప్పుతోంది," అంటూ ఫొటోగ్రాఫర్ బయటికి నడిచింది.

నత్త మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ మూడు వారాల్లో తొమ్మిది మావులు పరిచాడు. చిరిగిన అంచు తడిగుడ్డ చించినట్టు వంకరటింకరగా ఉంటుంది. ఇది తిన్నగా ఉంది. ఇది చాకు పని. ఇందాక క్లోజప్ అంటూ బకెట్ దగ్గర ఒంటరిగా నిలబడింది ఫొటోగ్రాఫర్ ఒక్కతే. ఎప్పుడూ ఫొటో తీసి ముందే వెళ్లిపోయే ఆమెకి, చివరి దాకా పరిచి చూస్తారని పాపం తెలియదు. చనిపోయిన ఏజెంట్ కూడా ఆమెనే నమ్మి ఉంటాడు. కానీ తన లెక్క తప్పితే గుర్రం చస్తుంది.

"డాక్టరమ్మా, వెతకడం ఆపకండి. ఐదు నిమిషాల్లో ముక్కతో వస్తాను. రాకపోతే మీరన్నదే నిజం."

మూడోసారి పరుగెత్తాడు.

గేటు కర్ర పైకి లేస్తోంది. కారు కదలబోతోంది. పక్క సీట్లో లెన్స్. ఇంత ఎండలో దాని చుట్టూ తెల్లటి మంచు.

కిటికీలోంచి చెయ్యి దూర్చి లెన్స్ లాక్కున్నాడు. పిస్తోలు అతని వైపు తిరిగింది.

"నత్తవి కదా, ఇంత తొందరగా ఎలా వచ్చావ్?"

"అవసరమొచ్చింది."

మూత తిప్పి లోపలున్న ద్రవ నైట్రోజన్‌ని ఆమె మణికట్టు మీద కుమ్మరించాడు. తెల్లటి పొగ కమ్మింది. ఆమె కెవ్వుమంది. గుండు కారు టాప్‌లోంచి దూసుకుపోయింది. చప్పుడుకి గేటు మనిషి కర్ర దించేశాడు. అది సరిగ్గా బానెట్ మీద పడింది.

గడ్డకట్టిన ముక్కని డాక్టరమ్మ పటకారుతో పట్టి మావి చివర ఆనించింది. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. ఆమె గుర్రం మెడ మీద తల వాల్చి ఏడ్చేసింది. "బతికావే తల్లీ!"

పిల్ల నాలుగు కాళ్ల మీద తూలుతూ లేచి నిలబడింది.

బేడీలతో ఫొటోగ్రాఫర్‌ని జీపెక్కిస్తుంటే డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "ఆవిడా మీ మనిషేనని మీ చీఫ్ నాతో అన్నారే?"

"వాళ్ల మనిషి కూడానండి."

"రెండు పక్షాల మాటా వింటూ పనిచెయ్యడం మావికే చెల్లిందయ్యా," అంది డాక్టరమ్మ. "అదైనా పదకొండు నెలల తర్వాత బయటపడాల్సిందే."