కదుర్ల పెట్టె

"కోడ్ వర్డ్ ఫ్యూజ్" అన్నాడు బెంగళూరు చీఫ్. "దాని పుట్టుక అడుగు. లాటిన్‌లో కదురు అని చెబితే ఆమె మన ఏజెంట్ నాగరత్న. బాంబు పేల్చడానికి మందు కూరిన తొలి గొట్టాలు కదురు ఆకారంలో ఉండేవట. కేజీఎఫ్ బంగారు గనిలో వైండింగ్ రూమ్ పేల్చడానికి విదేశీ ముఠా దిగింది. ఎప్పుడు పేలుస్తారో ఆమెకు తెలుసు."

వింటున్న గూఢచారి నంజుండప్పకు ఆ రూమ్ తెలుసు. కూలీల కేజ్‌ను గనిలోకి దించేది ఆ రూమ్‌లోని యంత్రమే. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఆ కేజ్‌లో దిగేవాళ్లలో వాళ్ల నాయన దొడ్డమునియప్ప ఒకడు. ఆ మాట చీఫ్‌కు చెప్పలేదు.

మర్నాడు రెండుకు పది నిమిషాలుండగా, పట్టుగూళ్ల వ్యాపారి వేషంలో వైండింగ్ రూమ్ ఎదుటి క్యాంటీన్‌కు చేరాడు. నల్ల కళ్లద్దాలు, జరీ చీర, ఎదురుగా టీ. పట్టు మిషన్లకు కదుర్లు అమ్మే మనిషిగా నాగరత్న కూర్చుని ఉంది. ఆమె సరుకు పెట్టె వైండింగ్ రూమ్ గుమ్మంలో ఉండడం అతను చూసే వచ్చాడు.

"ఫ్యూజ్ పుట్టుక యాడమ్మా?"

"కదురప్పా. కరెంటు ఫ్యూజ్ వేరే మాట, కరగడంలోంచి వచ్చినాది. కూర్చో, అన్నీ చెప్తా. ఇంగ తొందరేముండాది?"

యాష్‌ట్రేలో పొగ. సిగరెట్ అనుకున్నాడు. కాదు, నల్లటి తాడు ముక్క.

గనిలో మందు పెట్టే నాయన, మందుకు తగిలించే ఫ్యూజ్ తాడు చుట్టలోంచే చిన్న ముక్క కోసి, ముందు దాన్ని ముట్టించి చేత పట్టుకునేవాడు. "ఇది ఆరిందంటే ఏ పనున్నా వదిలేసి లేచిపోవాల" అనేవాడు. ఇక్కడ ముక్క కాలుతోందంటే పొడుగుది ఇంకెక్కడో కాలుతోంది. పట్నంవాడికి ఇవేం తెలుస్తాయిలే అనుకుంది కాబోలు, ముఠాతోనూ కలిసిన ఈ రెండు పడవల మనిషి.

అతను లేచాడు. అవతల నాయన కేజ్ ఎక్కుతున్నాడు.

"యాడికి?" హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బుల్లి పిస్టల్ బయటికొచ్చింది.

వేడి టీ ఆమె మొహాన కొట్టి పరుగెత్తాడు. వెనక తూటా పేలింది. తగల్లేదు. పెట్టె మూత పీకితే, కదుర్ల కింద మందు, కాలగా మిగిలిన వేలెడు ఫ్యూజ్! నీళ్లకు ఆరదు. కత్తి లేదు. చీఫ్ ఇచ్చిన కెమెరా పెన్ను దేనికీ పనికిరాదు. దేవుడా అనుకుంటూ నిప్పుకూ మందుకూ మధ్య పళ్లతో కొరికేశాడు.

గంట మోగింది. కేజ్ క్షేమంగా దిగింది.

గేటు దగ్గర కాపలావాళ్లకు నాగరత్న దొరికిందని చెప్పాక చీఫ్ ఫోన్‌లో అడిగాడు. "పుట్టుక సరిగ్గానే చెప్పిందా?"

"అక్షరం పొల్లు పోలేదు సార్" అన్నాడు కాలిన పెదవులతో. "రుచి మాత్రం చెప్పలేదు. చేదుగా ఉండాది."