రెండో గొంతు

ఒంటరిగా ఆ చలిగదిలోకి వెళ్లే మనిషి కాదు వదిన.

ఈ ముక్క ఏజెంట్ గొడుగుకు తెలుసు, అతని అన్నకు తెలుసు, ఆవిడ పనిచేసిన ల్యాబ్‌లో తలుపులు బాగుచేసేవాడికీ తెలుసు. తెలియనిదల్లా విచారణ సంఘానికే. ‘రెండో మనిషి లేకుండా చలిగదిలోకి వెళ్లి, ఊపిరాడక మరణించారు. తప్పు ఆవిడదే’ అని తేల్చేసి చేతులు దులుపుకుంది. లోపల గాలి తగ్గితే మోగాల్సిన అలారం ఎందుకు మోగలేదని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇంట్లో గ్యాస్ స్టవ్ కట్టేయడానికే ఇద్దరు కావాలనే మనిషి ఆవిడ. ఒకరు నాబ్ తిప్పాలి, రెండోవాళ్లు వంగి చూసి “చూశాను” అనాలి. అక్కడితో వదిలేదా? “ఏం చూశావు?” అని నిలదీసేది. చిన్నప్పుడు గొడుగు ఆటకు పోయే తొందరలో గుమ్మంలోంచే “చూశాను” అని కేకేస్తే, చెవి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చేది. “మంట లేదు, నాబ్ అడ్డంగా ఉంది, వాసన రావట్లేదు” అని అప్పజెప్పాకే చెవి వదిలేది. తల్లి లేని ఇంటికి కోడలిగా వచ్చి, గొడుగును ఇంతవాణ్ని అంతవాణ్ని చేసింది.

ఇప్పుడు అన్నయ్య రోజూ సాయంత్రం స్టవ్ కట్టేసి అక్కడే నిలబడిపోతున్నాడు. ఎవరో ఒకరు “చూశాను” అనేదాకా కదలడు. గొడుగు ఊళ్లో లేని రోజుల్లో ఎంతసేపు అలా నిలబడతాడో ఆ దేవుడికే తెలియాలి.

*

“నిన్ను పంపడం రూల్ ప్రకారం తప్పు,” అన్నాడు డిపార్ట్‌మెంట్ పెద్దాయన. గొడుగుకు ఆ పేరు పెట్టింది ఆయనే. అవసరమైనప్పుడే ఎక్కడో మర్చిపోయి వస్తామట. “కానీ ఆ ల్యాబ్ పద్ధతులు మీ వదిన పెట్టిన అన్నంతో పాటే తిన్నావు. నీకు నేర్పక్కర్లేదు.”

“మిషన్ ఏంటి సార్?”

“రెండు దేశాలు కలిసి నడిపే ల్యాబ్ అది. టీకా కోసం క్రిములు ఇచ్చిపుచ్చుకుంటారు. ఒప్పందం ఒక్కటే. గడప దాటే క్రిమి చచ్చి ఉండాలి. ఒకరు దాన్ని వేడి చేసి చంపాలి, రెండోవాళ్లు దగ్గరుండి చూడాలి. ఈ శుక్రవారం పోయే పెట్టెలో మాత్రం బతికున్నదే ఉంటుంది. ఒక విదేశీ ముఠా కొంటోంది. మంచి ధర పలికితే ఏ ఊరి మీదైనా వదిలే రకం.”

“ఎవరు చెప్పారు?”

“నెమలి.”

నెమలి అవతలి దేశం తరఫు కోఆర్డినేటర్. ఆమె తమ మనిషని ముఠా నమ్ముతోంది. కాదు, మన మనిషని డిపార్ట్‌మెంట్ నమ్ముతోంది. ఇంతమంది నమ్మకాన్ని ఒంటి చేత్తో మోస్తూ కూడా ఆమె పట్టుస్కార్ఫ్ మీద ఒక్క ముడత ఉండదు.

“పెట్టెలో బియ్యపుగింజంత ట్రాన్స్‌మిటర్ పెడతాం,” అన్నాడు పెద్దాయన. “దాన్ని పోనిస్తాం. కొనేవాడి గుమ్మం దాకా వెంటపడి ముఠా మొత్తాన్ని పట్టేస్తాం. నువ్వు రెండో మనిషి ఉద్యోగంలో చేరు. నెమలి అడిగినప్పుడు ‘చూశాను’ అను. అంతే నీ పని.”

“చూడకుండానా?”

“గూఢచారివి. దేశం కోసం ఒక్క అబద్ధం ఆడలేవా?”

“దారిలో ఏ లారీయో గుద్దితే? పెట్టె పగిలితే?”

పెద్దాయన నిట్టూర్చాడు. “నీకు మీ వదిన గాలి బాగా సోకిందయ్యా.”

ఆయన మామూలుగానే అన్నాడు. గొడుగు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

*

సోడాబుడ్డి కళ్లద్దాలు, తెల్లరంగు పూసిన జుట్టు, కాస్త గూని. అద్దంలో తనను తానే గుర్తుపట్టలేదు. ధైర్యంగా ల్యాబ్ మొదటి తలుపు ముందు నిలబడ్డాడు.

“ఇద్దరూ ఉన్నారా?” అంది తలుపు.

వదిన గొంతు.

గొడుగు గూని మర్చిపోయి నిటారుగా నిలబడిపోయాడు. పక్కనున్న తలుపుల మెకానిక్ “ఉన్నాం” అని, ఇతని మోచెయ్యి పొడిచాడు. ఇద్దరి గొంతులూ వినబడితేగానీ ఆ తలుపు తెరుచుకోదు. “ఉన్నాం,” అన్నాడు గొడుగు ఎలాగో. తలుపు తెరుచుకుంది.

“పోయినావిడ గొంతండీ,” అన్నాడు మెకానిక్ నడుస్తూ. “తలుపులన్నిటికీ ఆవిడే చెప్పింది. మార్చెయ్యమన్నారు. నాకు చెయ్యి రాలేదు. రోజూ ఆవిడ అడుగుతుంది, మేం ఉన్నామంటాం. ఆవిడే లేదు.”

“డిస్పాచ్ గదికి కూడా ఇదే గొంతా?”

“అదే. కానీ విచారణ అని పంపకాలు ఆపేశారుగా, ఆవిడ పోయాక ఆ తలుపు తెరవనే లేదు. ఆఖరి వారంలో దానికి కొత్తగా ఏదో రికార్డు చేసి పెట్టించింది. నేను టెస్ట్ కూడా చెయ్యలేదండీ. పాత మాటలకు అలవాటు పడిపోయాం. ఆవిడ కొత్తగా ఏదైనా అంటే తట్టుకోలేను.”

ఆ వారమంతా గొడుగు వదిన గొంతులోంచి నడిచాడు. చేతులు కడిగే గదిలో, సూట్లు మార్చే గదిలో, టిఫిన్ డబ్బాలు పెట్టే గదిలో, ప్రతిచోటా అదే ప్రశ్న. ఒకసారి మధ్యాహ్నం ఖాళీ వరండాలో, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, “లేం వదినా, నేనొక్కణ్నే,” అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. అతనికి ఏడుపొచ్చింది.

కాఫీ మెషీన్ దగ్గర ఒక సెంటు వాసన ముందొచ్చింది, వెనక నెమలి వచ్చింది.

“మీ ఫ్రిజ్ చప్పుడు చేస్తోందా?” అంది.

“లోపలివాళ్లకు నిద్ర పట్టట్లేదు,” అన్నాడు గొడుగు. కోడ్ సరిపోయింది.

ఆమె నవ్వు అందంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. పార్కింగ్ దాకా తోడు రమ్మంది. కారు దిగినప్పుడు లాక్ వేశానో లేదోనని సందేహపడింది. “చూశావా?” అని అడిగితే, గొడుగు అలవాటుకొద్దీ నాలుగు తలుపులూ లాగి చూసి, “చూశాను,” అన్నాడు. ఆమె వేళ్ల మధ్య పెన్ను టిక్కుమంది.

“నీకు ముందు ఆ ఉద్యోగం చేసినావిడ ఎంత మంచిదో,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఆవిడ పోయిన రోజు నేను మా దేశంలో ఉన్నాను. ఇక్కడుంటే ఒంటరిగా వెళ్లనిచ్చేదాన్నా?”

*

శుక్రవారం మధ్యాహ్నం. డిస్పాచ్ గది. ఒక బల్ల, క్రిములను చంపే హీటర్, బయటికి పోయే తలుపు. తలుపుకున్న అద్దంలోంచి వ్యాన్ కనిపిస్తోంది. ఇంజన్ ఆపలేదు. ఓవరాల్స్ వేసుకున్న ఇద్దరు వెనక తలుపులు తెరిచి పట్టుకున్నారు.

నెమలి పెట్టెను బల్ల మీద పెట్టింది. అప్పటికే మూత బిగించి ఉంది.

“వేడి చేసేశాను. ‘చూశాను’ అను, పోదాం.”

గొడుగు చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో పెద్దాయన గొంతు గరగరలాడింది. “అనేయ్.”

ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. గొడుగు హీటర్ మీద చెయ్యి పెట్టాడు. అది పొద్దుట్నుంచీ వెలగనే లేదు. చల్లగా ఉంది, చలిగదిలోంచి ఇంటికి తెచ్చిన వదిన చెయ్యిలాగే. ఆ చేతిని మొదట పట్టుకున్నది తనే.

“నేను చూడలేదు,” అన్నాడు.

“ఒరేయ్!” అంది ఇయర్‌పీస్.

నెమలి గొంతు తగ్గించింది. “మనిద్దరం ఒక పక్షమే. మీ పెద్దాయన చెప్పలేదా?”

“చెప్పారు. అయినా చూడలేదు. ఇది రోడ్డెక్కితే ఎన్ని ఊళ్లు దాటుతుందో మీకు తెలుసు. మళ్లీ వేడి చెయ్యండి, పక్కనే నిలబడి చూస్తాను.”

“నీకేమైనా పిచ్చా? ఆవిడా ఇంతే. చలిగది ముందు నిలబడి ఇదే పాట, చూడలేదు, చూడలేదు అని. ఎంత చెప్పినా...”

ఆమె ఆగిపోయింది. ఆలస్యమైపోయింది.

గొడుగు కళ్లద్దాలు తీశాడు. “ఆ రోజు మీరు మీ దేశంలో ఉన్నారుగా.”

స్కార్ఫ్ మడతలోంచి చిన్న తుపాకీ వచ్చింది. నెమలి అతని చెవిలోంచి ఇయర్‌పీస్ పీకి కాలికింద నలిపింది.

“ఆవిడ నీకేమవుతుంది?”

“వదిన.”

“పాపం. మంచి వంశమే,” అంది నెమలి. ఒక చేత్తో పెట్టె ఎత్తి చంకలో పెట్టుకుంది, తుపాకీ అతని మీదే ఉంచి తలుపు దాకా వెనక్కి నడిచింది.

“ఇద్దరూ చూశారా?” అంది తలుపు.

“చూశాను,” అంది నెమలి. తుపాకీ పట్టిన చేత్తోనే పెన్ను నొక్కింది. పెన్నులోంచి గొడుగు గొంతు, పార్కింగ్‌లో పలికినట్టే, “చూశాను,” అంది.

ఎర్రలైటు పసుపైంది. గొళ్లెం కదిలిన చప్పుడైంది. నెమలి వేళ్లు హ్యాండిల్ మీదికి వెళ్లాయి.

అప్పుడు మళ్లీ ఆ గొంతు. నిదానంగా, ఏ కోపమూ లేకుండా.

“ఏం చూశారు?”

గొడుగు తనకు తెలియకుండానే చెవి తడుముకున్నాడు.

నెమలి ముఖంలో నెత్తురు లేదు. మళ్లీ పెన్ను నొక్కింది. “చూశాను.” “ఏం చూశారు?” మళ్లీ నొక్కింది. “చూశాను.” “ఏం చూశారు?” ఆమె తలుపు వైపు తిరిగి, “చచ్చినా వదలవా నన్ను!” అని కీచుమంది. ఇన్నాళ్లూ ఆమె ఆ గొంతును ఎలా భరించిందో అప్పుడు అర్థమైంది గొడుగుకు. భరించలేదు.

అతను దూకాడు. తుపాకీ పేలింది, హీటర్‌కు చిల్లు పడింది. నెమలి పెట్టెను గాల్లోకి విసిరింది. పెట్టెను పట్టుకోవాలి, లేదా ఆమెను. గొడుగు నేలకు జానెడెత్తులో పెట్టెను పొదివి పట్టుకుని, మోకాళ్లు చెక్కుకుపోతూ బల్ల కిందికి జారాడు. నెమలి హ్యాండిల్ పట్టుకుని గుంజింది. లాగింది. తన్నింది. సరైన జవాబు రాని తలుపు గట్టిగా బిగుసుకుంది, సైరన్ అందుకుంది, ఆవరణ గేట్లు వాటంతటవే మూసుకున్నాయి. వ్యాన్ గేటు దగ్గరే ఇరుక్కుపోయింది.

సెక్యూరిటీ వచ్చేసరికి నెమలి తలుపుకు చేరగిలబడి కూర్చుని ఉంది. చెవులు రెండూ మూసుకుంది.

*

పెద్దాయన రొప్పుకుంటూ వచ్చాడు. “పెట్టె ఏదయ్యా? మా స్క్రీన్ మీద పొద్దుట్నుంచీ తిక్కతిక్కగా తిరుగుతోంది. క్యాంటీన్‌కెళ్లింది, బాత్రూమ్‌కి కూడా వెళ్లింది.”

గొడుగు కోటు జేబు తడిమాడు. బియ్యపుగింజంత ట్రాన్స్‌మిటర్ వేళ్లకు తగిలింది. నెమలి ఎప్పుడో దాన్ని పెట్టెలోంచి తీసి ఇతని జేబులో వేసేసింది. తను “చూశాను” అని ఉంటే, డిపార్ట్‌మెంట్ మొత్తం తన వెంటే పడేది. పెట్టె ఎటుపోయిందో ఎవరికీ తెలిసేది కాదు.

“నెమలి మన మనిషే అనుకున్నాను,” అన్నాడు పెద్దాయన నేలచూపులు చూస్తూ. “ఆమె సంగతంతా నేనే స్వయంగా చూశాను.”

“ఏం చూశారు సార్?”

పెద్దాయన చెయ్యి చాచి ఆ బియ్యపుగింజను తీసుకున్నాడు.

అవతలి దేశపు డైరెక్టర్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. తెల్లగడ్డం పెద్దమనిషి. “పోయేముందు మీ వదిన నాకు రెండుసార్లు ఫోన్ చేసిందయ్యా,” అన్నాడు. “మా కోఆర్డినేటర్ మీద అనుమానమని. కలిసి పనిచేసేచోట నమ్మకం ఉండాలమ్మా అని నేనే సర్దిచెప్పాను. ‘నమ్మకముంది కాబట్టే అడుగుతున్నాను సార్, మీరూ వచ్చి చూడండి’ అంది. నేను రాలేదు.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

వేరే హీటర్ తెప్పించారు. గొడుగు పక్కన నిలబడి చూశాడు, స్క్రీన్ మీద ఆయన కళ్లార్పకుండా చూశాడు. క్రిమి చచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు. “చూశాను,” అన్నాడు గొడుగు. “నేనూ చూశాను,” అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే ఏం చూశాడో మొత్తం చెప్పాడు. వదిన మీద మోపిన తప్పును ఆ సాయంత్రమే రెండు దేశాలూ కలిసి తీసేశాయి.

వచ్చేటప్పుడు మెకానిక్ అడిగాడు. “ఇప్పుడైనా గొంతు మార్చనా అండీ?”

“ఉంచండి,” అన్నాడు గొడుగు.

ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య వంటింట్లో స్టవ్ మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాడు. గొడుగు చెప్పులు విప్పుతూ జరిగినదంతా చెప్పాడు. చలిగదిలోకి వదిన ఒంటరిగా వెళ్లలేదని, ఆ రెండో మనిషి నెమలేనని, అలారం మోగకుండా చేసింది కూడా ఆమేనని చెప్పాడు. అన్నయ్య గోడకేసి తిరిగాడు. భుజాలు కదిలాయి. తర్వాత ముక్కు చీదుకుని, నాబ్ తిప్పాడు.

“చూశాను,” అన్నాడు గొడుగు గుమ్మంలోంచే.

“ఏం చూశావు?” అన్నాడు అన్నయ్య, ఇన్నాళ్లలో మొదటిసారి.

గొడుగు లోపలికొచ్చి వంగి చూశాడు.

“మంట లేదు, నాబ్ అడ్డంగా ఉంది, పాలు మాత్రం సగం గట్టు మీదున్నాయి. గుడ్డ ఎక్కడ పెట్టావు?”