సంతకం చెల్లుతుంది

"నా పిటిషన్ తిప్పి పంపింది మీరేనా?"

క్రిమినల్ కోర్టు ఫైలింగ్ సెక్షన్ కిటికీ ముందు ఓ కుర్ర లాయరు నిలువునా తడిసి నిలబడ్డాడు. లోపలున్న క్లర్కమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

"నేనే. ఆన్‌లైన్ సంతకం సివిల్ కేసులకే చెల్లుతుంది. క్రిమినల్ కేసంటే పెన్నుతో పెట్టాల్సిందే."

"ఇవాళ్టి నుంచి వీటికీ చెల్లుతుందండీ! సర్క్యులర్ చూడలేదా?"

"నా టేబుల్ మీదకి రాలేదు."

"మా క్లయింటు జైల్లో ఉన్నాడు. ఈ వానకి వంతెన మునిగి జైలు దారి తెగింది. అతని సంతకం కోసం కాగితం పట్టుకుని ఈదుకుంటూ వెళ్లమంటారా?"

"ఈత వచ్చా?"

అతను నవ్వలేదు. "ఎల్లుండి అతని భార్యకి గుండె ఆపరేషన్ మేడమ్. నాలుగున్నరలోపు పిటిషన్‌కి నంబరు పడకపోతే రేపు బెయిలు విచారణకి రాదు."

ఆమె చప్పున తలెత్తింది. గడియారంలో నాలుగూ పది. లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగంతస్తులూ మెట్లెక్కి, రిజిస్ట్రారు గదిలో కాగితాలన్నీ గాలించి, ఆ సర్క్యులర్ పట్టుకుని రొప్పుతూ దిగొచ్చింది.

"చెల్లుతుంది," అంది.

నాలుగూ ఇరవై ఎనిమిదికి నంబరు పడింది.

మర్నాడు బెయిలొచ్చింది. ఆ కబురు చెప్పడానికొచ్చిన లాయరు ఆ తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు. మిగతా లాయర్లంతా ఆన్‌లైన్లోనే పంపేస్తున్నారు. కిటికీ ముందు ఇతనొక్కడే.

"ఇంట్లో కూర్చుని పంపొచ్చుగా?"

"పంపొచ్చు. మిమ్మల్ని చూడ్డానికి ఆ సౌకర్యం లేదుగా!"

ఆమె ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఓ రోజు పక్క సీటావిడ, "మీ లాయరు గారు ఇంకా రాలేదే?" అని కన్నుగీటింది. ఆమెకి సిగ్గు ముంచుకొచ్చి, "ఛ, పనీపాటా లేని మనిషి!" అనేసింది. తీరా చూస్తే అతను కిటికీ దగ్గరే ఉన్నాడు. గిర్రున తిరిగి వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి అతని పిటిషన్లు వస్తున్నాయి, అతను రావడం లేదు. తిప్పి పంపుదామంటే ఒక్కదాన్లోనూ తప్పు లేదు. వారం గడిచేసరికి ఆమెకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

శనివారం పిటిషన్ మీదున్న అడ్రసు పట్టుకుని వెళ్లింది. అతని తల్లి తలుపు తీసింది.

"ఫైలింగ్ సెక్షన్లో పనిచేస్తానండీ..."

"వీడు వారంగా మొహం వేలాడేసుకుని తిరగడానికి కారణం నువ్వేనన్నమాట! రామ్మా."

లోపల్నుంచి వచ్చిన అతను కంగారుపడ్డాడు. "పిటిషన్లో తప్పుందా మేడమ్?"

"తప్పు నాది. పక్క సీటావిడ ఆటపట్టిస్తుంటే సిగ్గేసి నోరు జారాను. మీరు రాకపోతే ఆ గదిలో నాకేం తోచడం లేదు. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకాదు."

అతను కుర్చీ ముందుకి జరిపి, మళ్లీ వెనక్కి జరిపాడు.

"ఒరేయ్, కోర్టులో గంటలకొద్దీ వాగుతావు! ఆ పిల్ల అంత చెబితే నీ నోరు పెగలదేం?" వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"నాకూ... మీరంటే చాలా ఇష్టమండీ," అన్నాడు చెవులదాకా ఎర్రబడి.

అప్పటికే బల్ల మీద మూడో కంచం పెట్టేసింది తల్లి. "కూర్చోమ్మా, భోంచేద్దువుగాని. ఇంతకీ మీ ఇంటికి మేమెప్పుడు రావాలి?"

ఆమె తల వంచుకుని కంచం ముందు కూర్చుంది.

"రేపు ఆదివారమే కదండీ," అంది.