ఒకే బుట్టలో దూదీ మిరియమూ

ఆ ఇంట్లో పొద్దున అందరికంటే ముందు లేచేది దూది. లేచి ఊరుకోదు. వెనక కాళ్ళతో పంజరం అడుగున దబ్బున తన్నుతుంది. వరండా ఆ చివర పంజరంలోంచి మిరియం జవాబుగా తన్నుతుంది. ఆ చప్పుళ్ళకు అంకమ్మ మంచం దిగి, "లేచినయ్ సవతులు రెండూ" అని గొణుక్కుంటుంది. వంటింట్లో కాఫీ కలుపుతున్న కోడలు మాధవీలతకు ఆ మాట చురుక్కున తగులుతుందని ఆవిడకు తోచదు. మనసులో ఏమీ ఉండదు, నోటికే అడ్డూ ఆపూ ఉండవు.

దూది తెల్ల కుందేలు. అంకమ్మ మనవరాలు ధనశ్రీది. ఆ పిల్ల తల్లి తాను పోవడానికి ముందు ఏడాది కూతురి పుట్టినరోజుకు తెచ్చిచ్చింది. మిరియం నల్లది, మాధవీలతది. మొదటి పెళ్ళి చెడిపోయాక ఒంగోల్లో గది తీసుకుని, బట్టలు కుట్టుకుంటూ బతికిన రోజుల్లో ఆమె గోడు విన్న ప్రాణి అదొక్కటే. మొన్న మాఘమాసంలో ధనశ్రీ తండ్రి సురేంద్రను చేసుకుని చిలకలూరిపేట వచ్చేటప్పుడు ఒక పెట్టె, కుట్టుమిషను, ఈ కుందేలు తెచ్చుకుంది.

పేచీ ఆ రోజే మొదలైంది. మాధవీలత కుడికాలు లోపల పెట్టిందో లేదో, ముహూర్తం దాటిపోతుందని అంకమ్మ రెండు కుందేళ్ళ నుదుట్నా కుంకుమ పెట్టి, హారతిచ్చి, మిరియాన్ని దూది పంజరంలోకి వదిలేసింది. "ఒకింటికి వచ్చాక వేరు కాపురమేందే" అని నవ్వింది కూడా. హారతి కర్పూరం ఆరకముందే పంజరమంతా బొచ్చు ఎగిరింది. తన చోట్లోకి వచ్చినదాని మీదికి దూకింది దూదే. అయితేనేం, చెవి చిరిగింది కూడా దానికే. ధనశ్రీ కంటికి ఆనింది ఆ చెవి ఒక్కటే.

అప్పటినుంచీ మాధవీలతకు స్థిమితం లేదు. కుందేళ్ళను కలపాలంటే ఓపిక ఉండాలని ఆమెకు తెలుసు. రెండు పంజరాలనూ వరండా చెరో చివర పెట్టింది. వారానికో జానెడు దగ్గరికి జరుపుతోంది. అవి కలిస్తే ఇదీ కలుస్తుందని లోలోపల ఒక పిచ్చి ఆశ. ఇది అంటే ధనశ్రీ. ఎనిమిదో తరగతి చదివే ఆ పిల్ల ఆమెను ఇంతవరకూ ఏ పేరుతోనూ పిలవలేదు. స్కూటీ మీద బడికి తీసుకెళ్తే వెనక కమ్మీ పట్టుకుని, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంటుంది.

ఆ శుక్రవారం పొద్దున మాధవీలత ఒక మంచిపనే అనుకుని చేసింది. కుందేలుకు కన్నుకంటే ముక్కు పెద్ద దిక్కు. ఒకదాని పక్కగుడ్డ ఇంకోదాని కింద వేస్తే వాసన అలవాటై, ఎదురుపడ్డప్పుడు కోపం తగ్గుతుంది. అందుకని దూది కింద ఉన్న పసుపుపచ్చ గుడ్డ తీసి మిరియానికి వేసింది. మిరియం గుడ్డ దూదికి వేసింది.

ధనశ్రీ జడ వేసుకుంటూ క్యారెట్ ముక్కతో వరండాలోకి వచ్చి, మిరియం పంజరం ముందు ఆగిపోయింది. పచ్చగుడ్డ అంచు అప్పటికే కొరికి ఉంది.

"ఇది ఎవరు తీశారు?"

"నేనేనమ్మా. వాసన అలవాటవుద్దని..."

"అది మా అమ్మ చీర!" అని అరిచింది ధనశ్రీ.

రాత్రి షిఫ్టు ముగించుకుని, తలనిండా జిన్నింగ్ మిల్లు పత్తి నూగుతో అప్పుడే గేటు తీసుకుని వచ్చాడు సురేంద్ర.

"ఏంది గోల? వీధి చివరదాకా వినపడతంది."

"ఆమె మా అమ్మ చీర తీసి దాని కింద పడేసింది నాన్నా. అది ఉచ్చ పోసింది."

"ఆమె ఏంది, ఆమె? అమ్మా అనమని ఎన్నిసార్లు చెప్పాను?"

"మా అమ్మ చచ్చిపోయింది."

ఆ పిల్ల ఆ మాట గట్టిగా కూడా అనలేదు. అందుకే సురేంద్రకు కోపం ఎక్కువైంది. తప్పు తనదని తెలిసిన మనిషి కోపం ఎప్పుడూ పిల్లల మీదికే పోతుంది. "రోజూ ఈ రభస నావల్ల కాదు. గుంటూరు హాస్టల్లో వేసవి బ్యాచి మొదలైందంట. రేపు నేను మిల్లు నుంచి రాగానే తీసుకెళ్ళి చేర్పిస్తా. నాలుగు రోజులు దూరంగా ఉంటే బుద్ధి వస్తది."

"పిల్లనెందుకురా పంపటం?" అంది అంకమ్మ. "ఆ నల్లదాన్ని పంపిస్తే పోయె. పక్కవీధి వీరమ్మ అడగతానే ఉంది."

"పెంచుకోవటానికా అత్తయ్యా?"

"పెంచుకుంటదో కూరొండుకుంటదో, మనకెందుకు?"

ధనశ్రీ గదిలోకి పోయి తలుపు గడియ వేసుకుంది. మాధవీలత భర్త వైపు తిరిగింది.

"అది అక్కయ్య చీరని మీకు తెలుసా?"

అతను నేల చూపులు చూశాడు. "నీకు బాధగా ఉంటదని చెప్పలా."

"నాకు బాధగా ఉంటదని ఏదీ చెప్పరు. ఏ గిన్నె ఆమెది, ఏ మేకుకి ఆమె సంచి తగిలించేది, ఒక్కరూ చెప్పరు. ఏది ముట్టుకోవాలన్నా భయంగా ఉందండీ. ఆ మిరియాన్ని దూది పంజరంలోకి తోశారే, నన్నూ అట్టాగే తోశారు. ఇప్పుడు చెవి చిరిగిందని పిల్లని బయటికి పంపిస్తారా? అది పుట్టి పెరిగిన ఇల్లు. పంపాలంటే కొత్తగా వచ్చినదాన్ని, నన్ను పంపండి."

సురేంద్ర తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకు స్నానాల గది ఇంత ఉపకారం చేస్తుందని కట్టేవాళ్ళకు తెలిసి ఉండదు.

మాధవీలత పచ్చగుడ్డ తెచ్చి గది తలుపు ముందు నిలబడింది. "ధనా, కొరికిన చోట తడిమాత్రం తుడిచాను. ఉతకలేదమ్మా. ఇదిగో, దూది కింద మళ్ళీ వేస్తన్నా."

మర్నాడు పొద్దున దూది తన్నలేదు. ఆ నిశ్శబ్దానికే మాధవీలతకు మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే పచ్చగుడ్డ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. రాత్రి వేసిన కొత్తిమీర వేసినట్టే ఉంది. పంజరం కింది పళ్ళెంలో ఒక్క పెంటిక లేదు. తినడం మానిన కుందేలు ఎక్కువసేపు నిలవదు. ఊళ్ళో డాక్టరుకు గేదెలు తప్ప తెలియవు. ఆమె ధనశ్రీ గది తలుపు దబదబా బాదింది.

"ధనా, లే. దూది తినట్లా. గుంటూరు పోదాం పద."

ధనశ్రీ ఏడుపు మొహంతో బయటికి వచ్చింది. మాధవీలత మూత ఉన్న కూరల బుట్టలో పచ్చగుడ్డ పరిచి దూదిని కూర్చోబెట్టింది, ఇంత కొత్తిమీర పడేసింది, స్కూటీ తాళం వెతికింది. చెప్పులు రెండు కాళ్ళకూ ఒక జతవి కావని కూడా చూసుకోలేదు. గేటు దాకా వచ్చిన పిల్ల గిరుక్కున తిరిగి లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చినప్పుడు చంకలో మిరియం ఉంది.

"దాన్నెందుకమ్మా?"

"నానమ్మ రాత్రి వీరమ్మగారికి ఫోన్ చేసింది. మనం వచ్చేసరికి ఇది ఉండదు."

హడావుడిలో తన మిరియం సంగతే మాధవీలత మరిచిపోయింది. "కరుచుకుంటయ్ తల్లీ. ఒకటే బుట్ట."

"మధ్యలో నా చెయ్యి పెడతా. కరిస్తే నన్నే కరుస్తయ్."

బుట్ట ఇద్దరి మధ్యా ఇరికింది. హైవే ఎక్కగానే పత్తి లోడు లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. స్కూటీ ఊగింది. ధనశ్రీ కుడిచెయ్యి బుట్టలో ఉంది. ఎడమ చెయ్యి కమ్మీ కోసం వెనక్కి తడుముకుని, బుట్ట జారబోతుంటే ముందుకు వచ్చి మాధవీలత నడుము పట్టుకుంది. లారీ పోయింది. చెయ్యి పోలేదు. మాధవీలత ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంది.

యడ్లపాడు దగ్గర రోడ్డు పక్కన ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. మాధవీలత బండి పక్కకు ఆపింది. ఫోన్ మోగుతోంది.

"ఎక్కడున్నారు?" సురేంద్ర గొంతు. "హాస్టల్ వాళ్ళు పది లోపు రమ్మన్నారు."

"గుంటూరే వెళ్తన్నాం, కుందేళ్ళ డాక్టరు దగ్గరికి. హాస్టల్‌కి మాత్రం రాదండీ. ధన మనింట్లోనే ఉంటది. మీరు వీరమ్మగారికి చెప్పండి, మా ఇంట్లో ఇచ్చే కుందేలు లేదని."

"అమ్మకి చెప్తాలే," అన్నాడు సురేంద్ర. "ఆ చీర సంగతి... నేను ముందే చెప్పాల్సింది. సాయంత్రం ఇల్లంతా చూపిస్తా. ఏది ఎవరిదో." మాధవీలత ఫోన్ పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. మిరపఘాటు ఒక సాకు.

ధనశ్రీ బుట్ట మూత ఎత్తి చూస్తోంది. "ఇటు చూడు," అంది నెమ్మదిగా. "చెయ్యి తీసేశాను. ఎప్పుడు తీశానో నాకే తెలీలా." లారీల మోతకు బెదిరిన రెండు ప్రాణులూ పచ్చగుడ్డ మీద ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మిరియం పొట్ట కింద దూది తల దాచుకుంది.

గుంటూరులో డాక్టరు దూది పొట్ట నొక్కి చూసి, సూది వేసింది. బెదురుకు కడుపు బిగిసిందనీ, నోట్లో మేత పడితేనే గట్టెక్కినట్టనీ చెప్పింది. వేరు వేరుగా ఉంచమంటారా అని మాధవీలత అడిగితే, "ఇప్పుడు వేరు చేస్తే మళ్ళీ బెదురుతుందమ్మా, పక్కనే ఉండి చూస్తూ ఉండండి" అంది. వాళ్ళు బయట బల్ల మీద బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దూది కదల్లేదు. ధనశ్రీ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పెదవులు కొరుక్కుంటోంది. ఆసుపత్రి బల్ల మీద ఇలా కూర్చోవడం ఆ పిల్లకు ఇది మొదటిసారి కాదని మాధవీలతకు అప్పుడు తట్టింది.

మిరియానికి ఈ బాధలేమీ పట్టలేదు. బుట్టలో కొత్తిమీర కాడ ఒకటి దొరికితే నములుతోంది. కాడ రెండో కొస దూది ముక్కు ముందు ఆడుతోంది. ముక్కు కదిలింది. మీసాలు కదిలాయి. దూది మెడ చాచి ఆ కొస అందుకుని, కరకర కొరికింది.

"పిన్నీ," అంది ధనశ్రీ. "పిన్నీ, తింటంది. చూడు, తింటంది."

అని మాధవీలత భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా ఆ పిల్ల ఇలా ఏడవలేదని అంకమ్మ ఎప్పుడో చెప్పింది. తానేమని పిలిచిందో ధనశ్రీకి తెలియలేదు. మాధవీలత గుర్తు చెయ్యలేదు. ఒళ్ళో బుట్ట, భుజాన పిల్ల, కాలికి తిమ్మిరి. అయినా కదల్లేదు.