మామగారి తనిఖీ

కోడలు కళ్లద్దాల షాపుకి, కొడుకు బస్సు డిపోకి, మనవరాలు బుజ్జి బడికి వెళ్లిపోగానే పెద్దాయన వంటింట్లోకి జొరబడ్డాడు. ఫ్రీజర్ తలుపు తీసి, సాయంత్రం వండాల్సిన చేప ముక్కల సంచీ బయటకు లాగాడు. ముక్కల్ని పళ్లెంలో పరిచి కిటికీ పక్కన పెట్టి, మంచు కరిగేదాకా తీరిగ్గా పేపరు చదువుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో ముక్కనీ బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఫరవాలేదనిపించాక మళ్లీ సంచీలో వేసి, ఏమీ ఎరగనట్టు ఫ్రీజర్‌లో పెట్టేశాడు.

కొన్నాళ్లుగా ఇది రోజూ జరిగే తంతే. ఆయన దర్జీ. కుట్టుమిషను మానేసి చాలాకాలమైనా, గుడ్డయినా చేపయినా వేళ్లతో తడిమి చూస్తేగానీ మనసొప్పదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంటికి చేప తెచ్చే పని ఆయనదే. మార్కెట్లో మొప్పలెత్తి చూసి, అమ్మేవాళ్లతో నాలుగు మాటలు అని, నాలుగు పడి, మంచి చేప పట్టుకొచ్చేవాడు. మోకాళ్లు మొరాయించాక ఆ వైభవం పోయింది. కోడలు పెద్ద కొట్లోంచి గడ్డకట్టిన చేప తేవడం మొదలుపెట్టింది.

అలాగని ఆమె చేతికందింది తెచ్చే మనిషి కాదు. పిండి పట్టించి వేయించిన రకాల జోలికే పోదు. ప్యాకెట్ వెనక అచ్చువేసింది చదివి, ఉప్పు గానీ మరొకటి గానీ కలపని ఒట్టి చేప ముక్కలే ఏరుతుంది. ఇంటికి రాగానే పూటకు సరిపడా చిన్న సంచుల్లోకి సర్దేస్తుంది.

“ఇవి ముళ్లు తీసేసినవి, ఉప్పు కలపనివి మామయ్యగారూ. మీ బీపీకీ మంచిది, బుజ్జీ హాయిగా తింటుంది” అని మొదటిరోజే చెప్పింది.

“తలా కళ్లూ లేని చేపని ఎలా నమ్మమంటావమ్మా?”

“కళ్లదేముంది, మా షాపులో జోడు ఇప్పిస్తాలెండి” అని నవ్వేసింది. ఆయనా నవ్వాడు గానీ నమ్మకం మాత్రం కుదరలేదు.

ఈసారి తనిఖీ జరిగిన రోజు సాయంత్రం చేప తిన్న బుజ్జికి తెల్లారేసరికి వాంతులు పట్టుకున్నాయి. పెద్దవాళ్ల పొట్టలు ఎలాగో తట్టుకున్నాయి. పిల్ల మాత్రం తోటకూర కాడలా వాడిపోయింది. ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ పిల్లకు సెలైన్ పెట్టించి, ఏం తిన్నారని అడిగింది. “గడ్డకట్టిన చేప ఒకసారి కరిగాక బయట ఉంచి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదమ్మా. అలాగేమైనా చేశారా?”

“లేదండీ. వండే ముందే తీస్తాను” అంది కోడలు.

వెనక నిలబడ్డ పెద్దాయన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

మర్నాడు పిల్లను ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టగానే కొడుకు ఫ్రీజర్ మీద పడ్డాడు. సంచులన్నీ చెత్తబుట్టలో విసిరేశాడు.

“ఇంకోసారి ఈ ఐసు గడ్డలు ఇంట్లో కనబడ్డాయంటే ఊరుకోను! ఓపిక లేకపోతే చేప మానెయ్, అంతేగానీ పిల్ల ప్రాణాల మీదికి తెస్తావా?”

“నేను కావాలని పెట్టానా? గంటసేపు చదివి చదివి తెస్తున్నానే!”

“చదివి ఏం లాభం? నువ్వు తెచ్చింది తినే కదా పిల్ల పడిపోయింది!”

ఆ మాటకి కోడలు నిలువునా కుంగిపోయింది. చెత్తబుట్ట వంకే చూస్తూ నిలబడింది. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో ధైర్యంగా గరిటె పట్టదని పెద్దాయనకి అర్థమైపోయింది.

“దాన్ని అనకురా. తప్పు నాది” అన్నాడు.

కిటికీ, పళ్లెం, బొటనవేలు, అన్నీ చెప్పేశాడు. కొడుకు నోరు తెరిచేలోపే కోడలు చెయ్యెత్తి ఆపింది.

“మీరుండండి. డాక్టరమ్మ అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ? నిన్నంతా నన్ను నేనే తిట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నారా?”

“భయమేసిందమ్మా. ఈ ఇంట్లో నేను చేసే పని అదొక్కటే మిగిలింది. అదీ పోతే పేపరు చదువుకుంటూ కూర్చోవడమే.”

“బుజ్జికి ఏమైనా అయ్యుంటే?”

ఆయన తలొంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు వెంటనే కరిగిపోలేదు. ఆ రోజంతా మంచినీళ్లు కూడా మాటలేకుండానే అందించింది.

ఆదివారం పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ, “రండి. చూడాలనుంటే ఇంట్లో కాదు, కొట్లో చూడండి. ఆటోలో వెళ్దాం” అంది.

కొట్లో చేపల పెట్టె ముందు ఆయన ట్రాలీ మీద బరువు ఆన్చి నిలబడ్డాడు. ఆమె రెండు ప్యాకెట్లు తీసి ఎందులో ఉప్పు కలపలేదో చదివి చెప్పింది. ఆయన ఉప్పు కలపని దాన్ని తిప్పి చూసి, లోపల పేరుకున్న మంచు పలుకుల్ని వేలితో చూపించాడు.

“ఇది దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గట్టిపడినట్టుంది. నాలాంటి తెలివైనవాడు ఇంకొకడున్నాడమ్మా.”

కోడలికి నవ్వాగలేదు. ఆ ప్యాకెట్ వెనక్కి పెట్టి, అదే రకంలో అడుగునున్న ఇంకొకటి తీసింది. ఇద్దరూ తిప్పి తిప్పి చూశారు. ఇంటికి చేరగానే ఆయన దాన్ని స్వయంగా ఫ్రీజర్‌లో పెట్టి తలుపు వేశాడు.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. ముక్కలు వడ్డించారు గానీ ఎవరి చెయ్యీ కదల్లేదు. కొడుకు కంచంలోకి అనుమానంగా చూస్తున్నాడు. బుజ్జి ఒక ముక్క పట్టుకుని అడిగింది.

“తాతయ్యా, తినొచ్చా?”

తినమ్మా అనబోయి ఆగాడు.

“మీ అమ్మనడుగు” అన్నాడు.

కోడలు పిల్ల వంక కాదు, మామగారి వంక చూసింది.

“తాతయ్య చూసి తెచ్చారు. తిను తల్లీ.”

బుజ్జి తినడం మొదలుపెట్టింది. పెద్దాయన తన ముక్కని బొటనవేలితో నొక్కబోయి ఆగి, అలాగే నోట్లో పెట్టుకున్నాడు.