పెద్దావిడ చేతిలో రబ్బరు బంతి

"నేను ఇంజెక్షన్ చెయ్యలేదు మేడమ్! సూది పెట్టి, ట్యూబు తగిలించి, పక్క గదిలో పేషెంటు దగ్గరికెళ్ళాను. అంతే!"

నర్సు ఏడుపు స్కానింగ్ సెంటరంతా వినిపిస్తోంది. మంచం మీద పెద్దావిడ మోచెయ్యి దిండులా ఉబ్బి ఉంది. ఎమ్మారై బొమ్మలు స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు, నరంలోకి పోవలసింది కండలోకి పోయింది. తప్పు నర్సుదే అని తేలితే ఉద్యోగమే కాదు, ఇక ఏ ఆసుపత్రీ ఆమెను గడప తొక్కనివ్వదు.

డిటెక్టివ్‌ను పిలిపించింది సెంటర్ యజమాని, పెద్ద డాక్టరు. డిటెక్టివ్ వెనకే ఆమె అసిస్టెంటు దిగాడు. ఎప్పుడూ ఆమెను అంటిపెట్టుకుని తిరుగుతాడని అతన్ని అందరూ తోక అంటారు.

"మందు ఎక్కించడానికి మిషన్ ఉంటుందిగా?" అడిగింది డిటెక్టివ్.

"పొద్దున్నుంచి పనిచెయ్యట్లేదండీ," అన్నాడు స్కాన్ నడిపిన చిన్న డాక్టరు. అతను యజమాని అల్లుడు. మిషన్‌కు 'పాడైంది' అన్న అట్టముక్క వేలాడుతోంది. "అందుకే నర్సుని పక్కన నిలబడి చేత్తో ఎక్కించమన్నాను. బయటి గదిలో, లోపలి మంచం కనిపించే అద్దం ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు!"

డిటెక్టివ్ కళ్ళు మెరిశాయి. ఆమె తిన్నగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది.

"లోపల ఏం జరిగిందమ్మా?"

"గొట్టంలో తల, చెవులకు డిప్పలు, ఒకటే డబడబలు! ఏం తెలుస్తుంది నాకు? చెయ్యి మంటెత్తింది. అవసరమైతే నొక్కమని ఇచ్చిన బంతి పిసికాను. ఎంత పిసికానంటే, నిమ్మకాయైతే చెంబుడు రసం వచ్చేది! ఒక్కరూ రాలేదు."

డిటెక్టివ్ ఆ బంతి నొక్కింది. బయటి గదిలో గంట గణగణమంది. తోక ఎగిరిపడ్డాడు.

"అద్దం ముందుకి అందర్నీ పిలు," అందామె. "వస్తూ వస్తూ ఆ అట్ట పీకేసి మిషన్ స్విచ్ వెయ్యి."

తోక స్విచ్ వేశాడు. మిషన్ బుద్ధిగా గుర్రుమంది.

"మేడమ్, ఇది పాడవలేదు, గుండ్రాయిలా ఉంది!"

"అదీ సంగతి," అంది డిటెక్టివ్, అందరూ చేరాక. "చేత్తో నెట్టేవాళ్ళకి మందు దిగకపోతే వేలికి తెలుస్తుంది. ఎదురుగా చెయ్యి ఉబ్బుతుంటే వెంటనే ఆపేస్తారు. ఇక్కడ మందు మొత్తం లోపలికి పోయింది. నొప్పంటే తెలియనిది మిషన్ ఒక్కటే. మందు ఎక్కించింది అదే."

"మరి దాన్ని నడిపింది ఎవరు?" పెద్ద డాక్టరు ప్రశ్న.

"దాని బటన్ ఈ గదిలోనే ఉంది. ఇక్కడే ఉన్న మనిషైతే గంట విని ఆపేవాడు. బటన్ నొక్కి ఎటో వెళ్ళిపోయి, తిరిగొచ్చి వాపు చూసి, భయంతో ఆ అట్ట తగిలించి, నేరం ఈ అమ్మాయి నెత్తిన రుద్దాడు."

"ఎవరైనా సరే, పేరు చెప్పండి!"

డిటెక్టివ్ పెద్ద డాక్టరు వైపు తిరిగింది.

"మీ అల్లుడుగారు."